గోదావరి తీరంలో జర్మన్ లూథరన్ గానం

గోదావరి డెల్టాలోని లూథరన్ సమూహగానం 1845లో రాజమండ్రి చేరిన ఉత్తర జర్మనీ మిషనరీలతో మొదలై, ఆ తరువాత అమెరికాలో స్థిరపడిన జర్మన్ లూథరన్ల పోషణలో పెరిగి, చివరకు తెలుగు కీర్తనలో లీనమైన సంప్రదాయం. జర్మన్ మాట్లాడే ప్రజలు తమ సామూహిక గానాన్ని ఏ దేశానికి తీసుకువెళ్లినా అది ఒకే రూపంలో నిలవలేదు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా నగరాలలో అది నాలుగు స్వరభాగాల బృందగానంగా, నిర్దేశకుడి చేతికర్ర కింద వందలాది గొంతులు కలిసే కచేరీగా ఎదిగింది. గోదావరి తీరంలోనేమో పల్లవి ఎత్తుకునే ఒక గొంతునూ దానిని అందుకునే గుంపునూ ఆశ్రయించింది. ఈ రెండు పరిణామాల మూలం ఒకటే కనుక, వాటికి కారణమైన చారిత్రక సంఘటనలు కొన్ని ఉమ్మడివి కనుక, ఒకదానిని విడిచి రెండవదాన్ని అర్థం చేసుకోవడం కష్టం.

కోరల్, హాలె పట్టణం

లూథరన్ గానానికి ఆధారం కోరల్ అనే గీతరూపం. పూజారులూ శిక్షణ పొందిన గాయకులూ లాటిన్‌లో పాడుతుంటే సామాన్య భక్తులు విని ఊరుకునే పద్ధతిని మార్చి, సభలోని ప్రతి మనిషీ తన భాషలో, తేలికైన బాణీలో, అందరితో కలిసి పాడాలని మార్టిన్ లూథర్ పట్టుబట్టాడు. 1524లో వెలువడిన తొలి లూథరన్ గీతసంపుటాలలో కొన్ని పుటల చిన్న పుస్తకంతో పాటు యోహాన్ వాల్టర్ బహుస్వర రచనలతో కూర్చిన పుస్తకం కూడా ఉంది. అంటే మొదటి ఏడాదిలోనే ఈ సంప్రదాయానికి రెండు ముఖాలు ఏర్పడ్డాయి: అందరూ ఒకే స్వరంలో పాడుకునే సభాగానం ఒకటి, సాధన చేసిన బృందం వేర్వేరు స్వరభాగాలలో పాడే గానం మరొకటి. అమెరికా నగరాలలో రెండవది వర్ధిల్లింది. గోదావరి ఒడ్డున నిలిచింది మొదటిది.

ఈ రెండు దేశాలకూ మనుషులను పంపిన ప్రధాన కేంద్రం ప్రష్యాలోని హాలె. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అక్కడ నెలకొల్పిన అనాథాశ్రమం, పాఠశాలలు, ముద్రణాలయం పద్దెనిమిదో శతాబ్దంలో పైటిస్టు ఉద్యమానికి, అంటే ఆచారకాండ కన్నా వ్యక్తిగత భక్తికి పెద్దపీట వేసిన లూథరన్ ఉద్యమానికి, ఆయువుపట్టు. ఫ్రాయ్‌లింగ్‌హౌజెన్ 1704లో అచ్చు వేయించిన గీతసంపుటం ఇక్కడి నుంచే వెలువడింది. హాలెతో సంబంధమున్న బెంజమిన్ షుల్జ్ 1719లో తరంగంబాడి చేరి, 1726లో మద్రాసుకు మారి, అక్కడ తెలుగు నేర్చుకుని, తెలుగు వ్యాకరణం రాసి, బైబిలును తెలుగులోకి అనువదించాడు. 1743లో హాలెకు తిరిగి వెళ్లాక అతడు 1746, 1747 ప్రాంతంలో అక్కడ అచ్చు వేయించిన చిన్న మతగ్రంథాలే తెలుగులో తొలి ముద్రిత పుస్తకాలుగా పేరుపొందాయి. అదే హాలె నుంచి 1742లో హెన్రీ మెల్కియర్ మూలెన్‌బర్గ్ పెన్సిల్వేనియాకు వెళ్లి, అక్కడి జర్మన్ వలసదారుల సంఘాలను కూడగట్టి, 1748లో పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే మతాచార్యుల మండలిని ఏర్పరచాడు. నూటపాతికేళ్ల లోపే ఆ మండలి రాజమండ్రి మిషన్ బాధ్యతను తలకెత్తుకోబోతోంది.

అమెరికా నగరాల గానసమాజాలు

పందొమ్మిదో శతాబ్దపు జర్మనీలో గానం చర్చి గడప దాటి పౌరసమాజంలోకి వచ్చింది. 1809లో బెర్లిన్‌లో కార్ల్ ఫ్రీడ్రిష్ జెల్టర్ ప్రారంభించిన లీడర్‌టాఫెల్, అంటే బల్ల చుట్టూ కూర్చుని పాడుకునే పురుషుల సంఘం, ఊరూరా ఇటువంటి సమాజాలు పుట్టడానికి నమూనా అయింది. చిన్న చిన్న రాజ్యాలుగా చీలిపోయి, బహిరంగ సభలపై ఆంక్షలు ఉన్న ఆ దేశంలో గానసమాజమే రాజకీయ ఆశలను పంచుకునే చోటు అయింది. 1835లో ఫిలడెల్ఫియాలో ఫిలిప్ మథయాస్ వోల్‌జీఫర్ స్థాపించిన మెన్నర్‌కోర్, అంటే పురుష గానబృందం, అమెరికాలో ఈ తరహా సమాజాలలో మొట్టమొదటిది. మరుసటి ఏడాది బాల్టిమోర్‌లో లీడర్‌క్రాంజ్, 1847లో న్యూయార్క్‌లో అదే పేరుతో మరొకటి ఏర్పడ్డాయి.

1848 విప్లవాలు ఓడిపోవడంతో వేలాది మంది విద్యావంతులైన జర్మన్లు అమెరికాకు తరలిపోయారు. నలభైఎనిమిదివాళ్లు అని చరిత్రకారులు పిలిచే ఈ తరంలో పత్రికారచయితలూ వైద్యులూ ఉన్నట్టే వృత్తి సంగీతజ్ఞులూ ఉన్నారు. 1849లో సిన్సినాటిలో తొలి జెంగర్‌ఫెస్ట్ జరిగి, పలు నగరాల గానసమాజాలు ఒక వేదికపై పాడి, ఉత్తర అమెరికా జెంగర్‌బుండ్ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఆ తరువాత ఒక్కో ఉత్సవం ఒక్కో నగరంలో జరుగుతూ, ఊరేగింపులు, జెండాలు, బీరు తోటలు, ఆదివారపు కచేరీలతో నిండిపోయేది. ఆదివారం వినోదం కూడదనే ప్యూరిటన్ నియమాలకూ ఆదివారమే కుటుంబంతో కలిసి పాడుకోవాలనే జర్మన్ అలవాటుకూ ఎన్నో నగరాలలో ఘర్షణ జరిగింది.

ఈ సమాజాలకు ప్రాణం పోసినవారు నిర్దేశకులు. నిర్దేశకుడంటే వేదిక మీద తాళం చూపే మనిషి మాత్రమే కాదు. చేతిపని వాళ్లకూ దుకాణదారులకూ సాయంత్రం వేళ స్వరాలు నేర్పి, ఏ గొంతు ఏ స్వరభాగానికి సరిపోతుందో తేల్చి, నెలల తరబడి సాధన చేయించి, వాయిద్యబృందాన్ని సమకూర్చి, టిక్కెట్ల లెక్క కూడా చూసుకునే గురువు. హాన్స్ బలాట్కా మొరావియాలో పుట్టి, 1849లో అమెరికా వచ్చి, 1850లో ఏర్పడిన మిల్వాకీ ముజీక్‌ఫెరైన్‌కు నాయకత్వం వహించాడు. కొత్తగా కట్టుకుంటున్న సరిహద్దు పట్టణం లాంటి మిల్వాకీలో హైడన్ మహాగానకృతులనూ ఒపెరాలనూ పాడించి, 1860లో షికాగో చేరి అక్కడి ఫిల్‌హార్మోనిక్ సమాజాన్ని నడిపాడు. బెర్లిన్ నుంచి 1848లో వచ్చిన యువవాద్యకారుల బృందం జర్మేనియా సంగీత సమాజం ఊరూరా తిరిగి, 1853లో బోస్టన్‌లో హాండెల్ అండ్ హైడన్ సొసైటీతో కలిసి బేథోవెన్ తొమ్మిదో సింఫనీని ఆ నగరానికి మొదటిసారి వినిపించింది. 1854లో ఆ బృందం విడిపోయాక అందులోని వేణువాద్యకారుడు కార్ల్ త్సెరాన్ బోస్టన్‌లోనే స్థిరపడి, 1815లో స్థానికులు స్థాపించుకున్న ఆ సొసైటీకే నాలుగు దశాబ్దాల పాటు నిర్దేశకుడయ్యాడు. 1869లో బోస్టన్‌లో జరిగిన శాంతి ఉత్సవంలో పదివేల గొంతుల మహాబృందాన్ని తీర్చిదిద్దే భారంలో పెద్ద పాలు అతడిదే.

న్యూయార్క్‌లో లీడర్‌క్రాంజ్ నుంచి 1854లో చీలి ఏర్పడిన ఆరియన్ సమాజం 1871లో బ్రెస్లావ్ నుంచి లియోపోల్డ్ డామ్‌రోష్‌ను పిలిపించుకుంది. పురుషుల గొంతులకే పరిమితమైన సమాజంలో బాఖ్, హాండెల్ మహాకృతులకు చోటు లేదని గ్రహించిన అతడు 1873లో స్త్రీపురుషులు కలిసి పాడే ఒరటోరియో సొసైటీని, 1878లో దానికి తోడుగా సింఫనీ సొసైటీని నెలకొల్పాడు. అతడి పెద్ద కుమారుడు ఫ్రాంక్ 1892లో న్యూయార్క్ శ్రామికుల కోసం నామమాత్రపు రుసుముతో గానతరగతులు తెరవగా, చదువు లేని కూలీలు కూడా స్వరలిపి చూసి పాడడం నేర్చుకున్నారు. కచేరీ వేదికల వైభవం కన్నా ఈ తరగతులే జర్మన్ గానసంప్రదాయం అమెరికాకు ఇచ్చిన గొప్ప కానుక అనిపిస్తుంది. ఎజెన్స్‌లో పుట్టి పదేళ్ల వయసులో 1845లో అమెరికా చేరిన థియొడోర్ థామస్ 1873లో సిన్సినాటి మే ఉత్సవాన్ని ప్రారంభించి, జెంగర్‌ఫెస్ట్‌లోని విందు వాతావరణాన్ని పక్కన పెట్టి, స్త్రీపురుషుల బృందంతో కఠినమైన సాధనకు ప్రాధాన్యమిచ్చాడు. 1878లో ఆ ఉత్సవం కోసమే సిన్సినాటి మ్యూజిక్ హాల్ కట్టారు. 1891లో థామస్ షికాగో వాద్యబృందాన్ని స్థాపించి 1905లో మరణించేవరకు దాన్ని నడిపాడు.

ఈ నగరాలలో ఒక మార్పు అంతటా కనిపిస్తుంది. మొదటి తరం జర్మన్‌లోనే పాడింది. రెండో తరం జర్మన్ కృతులను ఇంగ్లీషులోనూ పాడింది. మూడో తరం నాటికి బృందంలో జర్మన్లు కానివాళ్లే ఎక్కువయ్యారు. భాష పోయినా పద్ధతి మిగిలింది: నాలుగు స్వరభాగాలు, స్వరలిపి, చేతికర్ర పట్టిన నిర్దేశకుడు. గోదావరి తీరంలో జరిగినది దీనికి తలకిందులు, అక్కడ పద్ధతే మారింది.

రాజమండ్రి మిషన్

1836లో హాంబుర్గ్‌లో స్థాపితమైన ఉత్తర జర్మన్ మిషన్ సంఘం తరఫున వాలెట్ 1845లో రాజమండ్రికి వచ్చాడు. తరువాత వచ్చిన హైజ, గ్రోనింగ్ ఆయనతో కలిశారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. ఆర్థర్ కాటన్ దాన్ని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. కరువులూ వరదలూ వంతులవారీగా తినేస్తున్న జిల్లాకు వీరు వచ్చారు. డెల్టా దిగువన నర్సాపురంలో 1836లో ఇంగ్లండ్ నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బియర్ అనే బ్రెదరన్ మిషనరీలు అప్పటికే పనిచేస్తున్నారు. 1874లో కెనడా బాప్టిస్టుల తరఫున జాన్ మెక్లారిన్ కాకినాడ చేరాడు. కనుక డెల్టాలో క్రైస్తవ గానానికి జర్మన్ మూలం ఒక్కటే కాదు. ఇంగ్లీషు, కెనడా బాణీలు కూడా వచ్చి చేరాయి.

1848 అలజడుల దరిమిలా ఉత్తర జర్మన్ సంఘం ఆర్థికంగా కుంగిపోయి రాజమండ్రి మిషన్‌ను అమెరికన్ లూథరన్లకు అప్పగించింది. సంగీతజ్ఞులను అట్లాంటిక్ దాటించిన ఆ అలజడులే గోదావరి తీరపు జర్మన్ మిషన్‌ను అమెరికా చేతికి చేర్చాయి. హైజ, గ్రోనింగ్ కొత్త యజమానుల కింద పని కొనసాగించారు. అమెరికన్ లూథరన్లు అంతకు ముందే గుంటూరులో ఉన్నారు. వారి తొలి మిషనరీ యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ హేయర్, తెలుగు క్రైస్తవులు హేయర్ అయ్యగారని పిలుచుకునే వ్యక్తి, 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో ఫిలడెల్ఫియాకు వలస వెళ్లి, అక్కడి జర్మన్ సంఘంలో పెరిగినవాడు. 1842 జులై 31న కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరణతో గుంటూరు చేరి, పల్నాడు దాకా పని విస్తరించి, 1857లో అమెరికా తిరిగి వెళ్లాడు.

అమెరికా అంతర్యుద్ధం మిషన్ నిధులకు గండి కొట్టింది. 1867లో లూథరన్ సంఘాలు చీలిపోయి, సంప్రదాయాన్ని గట్టిగా పట్టుకున్నవారు జనరల్ కౌన్సిల్ అనే కొత్త సమాఖ్యగా ఏర్పడ్డారు. ఆ సమాఖ్య 1868లో ప్రచురించిన ఆరాధన పుస్తకం పాత జర్మన్ కోరళ్లకూ పురాతన ఆరాధనక్రమానికీ మళ్లీ గౌరవస్థానం ఇచ్చింది. నిధులు లేక రాజమండ్రిని ఆంగ్లికన్ మిషన్‌కు ఇచ్చేసే ప్రయత్నం సాగుతుండగా, 1869లో పెన్సిల్వేనియాలోని రెడింగ్‌లో జరిగిన, ఆ కౌన్సిల్‌లో భాగమైన మినిస్టీరియం సమావేశంలో డెబ్భై అయిదేళ్లు దాటిన హేయర్ లేచి, తానే వెళ్తానని ప్రకటించాడు. అదే ఏడాది చివర రాజమండ్రి చేరి, ఏడాదికి పైగా అక్కడ ఉండి, మిషన్‌ను జనరల్ కౌన్సిల్ చేతిలో నిలబెట్టాడు. 1870లో హాన్స్ క్రిస్టియన్ ష్మిట్ వచ్చి, దశాబ్దాల పాటు అక్కడే పనిచేశాడు. ఈ విధంగా రాజమండ్రి మిషన్‌కు డబ్బూ మనుషులూ పుస్తకాలూ వచ్చింది ఫిలడెల్ఫియా, రెడింగ్ వంటి పట్టణాల జర్మన్ సంఘాల నుంచి, అంటే మెన్నర్‌కోర్‌లు పుట్టి పెరిగిన సమాజం నుంచి.

కోరల్‌కు ఎదురైన భజన

గోదావరి తీరంలో మిషనరీలు అడుగుపెట్టేనాటికే అక్కడ సామూహిక గానం పటిష్ఠంగా ఉంది. భద్రాచలం నుంచి కిందికి పాకిన రామదాసు కీర్తనల భజన, పట్టిసీమ దగ్గర నది నడుమ దేవకూట పర్వతంపై వెలసిన వీరభద్రస్వామి ఆలయానికి మహాశివరాత్రికి చేరే భక్తబృందాల గానం, రాజమండ్రి రేవులలో కార్తిక పూజల పాటలు, ఊరూరి రామాలయాలలో సాయంకాలపు భజనలు ప్రజల చెవులను ఒక పద్ధతికి అలవాటు చేశాయి. ఆ పద్ధతిలో పాటకు పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. ముందు పాడేవాడు పాదం ఎత్తుకుంటాడు, బృందం దాన్ని అందుకుని తిరిగి పాడుతుంది. తాళాలు, చిడతలు, మద్దెల లయను నిలుపుతాయి. చివరికి వేగం పెరిగి అందరి గొంతులూ కలుస్తాయి. చదువు రానివాడు కూడా మొదటిసారే పాల్గొనగలగడం ఇందులోని బలం. కోరల్‌లో అందరూ ఒకేసారి మొదలుపెట్టి మొత్తం పాట పాడతారు కనుక పాట ముందే తెలిసి ఉండాలి, లేదా పుస్తకం చదవడం రావాలి. అక్షరాస్యత కొద్దిమందికే ఉన్న కాలంలో ఈ తేడా చాలా పెద్దది.

రెండవ ఇబ్బంది ఛందస్సుది. జర్మన్ కోరల్ అక్షరాల ఊనికపై, అంటే పదంలో ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామన్న దానిపై నడుస్తుంది. తెలుగు పద్యమూ పాటా గురులఘువుల కాలపరిమాణంపై, మాత్రలపై నడుస్తాయి. అనువాదంలో కోరల్ బాణీకి తెలుగు మాటలు కుదిర్చితే దీర్ఘం మీద పొట్టి స్వరం, హ్రస్వం మీద సాగదీసిన స్వరం పడి, మాట వినగానే అర్థం కాకుండా పోతుంది. లూథర్ రాసిన అతి ప్రసిద్ధ గీతం ఐన్ ఫెస్టె బుర్గ్ సహా అనేక కోరళ్లకు తెలుగు అనువాదాలు వచ్చాయి, ఇప్పటికీ పండుగ ఆరాధనలలో పాడుతున్నారు. అయినా ఇళ్లలో, పొలాలలో, ప్రయాణాలలో జనం నోట నిలిచినవి అవి కావు.

మూడవది స్వరానిది. పాశ్చాత్య బృందగానంలో పై స్థాయి స్త్రీ గొంతు సొప్రానో, కింది స్థాయి స్త్రీ గొంతు ఆల్టో, పై స్థాయి పురుష గొంతు టెనర్, కింది స్థాయి పురుష గొంతు బాస్ ఒకే క్షణంలో వేర్వేరు స్వరాలు పాడి, ఆ కలయిక నుంచి స్వరమేళనాన్ని పుట్టిస్తాయి. కర్ణాటక సంగీతంలో రాగభావం ఒకే స్వరధారలోని గమకాలలో, అంటే స్వరాన్ని ఊపి పలికించడంలో ఉంటుంది. గమకం ఉన్న స్వరానికి కింద మరో స్థిరస్వరాన్ని పేరిస్తే రాగం చెదురుతుంది. అమెరికాలో ఇటువంటి ఆటంకం లేదు, ఎందుకంటే అక్కడి ఇంగ్లీషు, స్కాట్ వలసదారుల చెవులకు కూడా స్వరమేళనం పరాయిది కాదు.

కీర్తన విజయం

ఈ చిక్కుకు పరిష్కారం జర్మన్ మిషనరీల నుంచి కాక దేశీయ కవుల నుంచి వచ్చింది. తమిళదేశంలో తరంగంబాడి, తంజావూరు లూథరన్ సంప్రదాయంలో పెరిగిన వేదనాయగ శాస్త్రి (1774–1864) కర్ణాటక రాగతాళాలలో క్రైస్తవ కీర్తనలు కూర్చి దారి చూపాడు. తెలుగులో ఆ పని పెద్దఎత్తున చేసినవాడు గంజాం ప్రాంతంలో పనిచేసిన పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి సంస్కృతాంధ్ర సాహిత్యాలను, భక్తికీర్తనల మర్యాదను బాగా ఎరిగిన ఆయన 1833లో క్రైస్తవం స్వీకరించి, వందకు పైగా కీర్తనలు రాశాడు. ఆయన బాప్టిస్టు, లూథరన్ కాడు. అయినా ఆ కీర్తనలు శాఖల సరిహద్దులు దాటి లూథరన్ ఆరాధనలలో ఆదరణ పొందాయి. రామదాసు, త్యాగరాజు కీర్తనలలో ఉన్న ఆత్మనివేదన, దైన్యం, నిందాస్తుతి ధోరణి ఈ పాటలలో కొత్త దైవాన్ని ఉద్దేశించి పలికాయి.

వివిధ మిషన్ల కవుల పాటలను కూడగట్టి రూపొందిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఈ పరిణామానికి ప్రధాన ఆధారం. పాటల తలపై రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, స్వరలిపి ఉండదు. జర్మన్, అమెరికన్ గీతసంపుటాలలో పాట చూసి పాడడానికి స్వరలిపి ఉంటే, తెలుగు పుస్తకంలో రాగం పేరు తెలిసినవాడికి ఒక సూచన మాత్రమే. అసలు బాణీ గురుముఖంగా, సంఘంలోని పెద్దల గొంతుల నుంచి పిల్లల గొంతులకు దిగుతుంది. ఫలితంగా ఒకే కీర్తన భీమవరం వైపు ఒక రీతిగా, పెద్దాపురం వైపు మరో రీతిగా వినిపించే వీలుంది. ఈ వైవిధ్యాన్ని లోపంగా భావించి బాణీలను ఒకే మూసలో పోయాలనుకునేవారు ఉన్నా, భజన సంప్రదాయం బతికేది ఈ స్వేచ్ఛ వల్లనే.

కీర్తన గెలవడం వెనక పెద్ద సామాజిక కారణం ఉంది. పందొమ్మిదో శతాబ్దపు చివరి దశాబ్దాలలో డెల్టాలోని లూథరన్ సంఘాలలో చేరినవారిలో ఎక్కువమంది దళిత పేటల ప్రజలు. గుడి గడప తొక్కనివ్వని, రామాలయ భజనలో కూర్చోనివ్వని ఊళ్లలో, కల్యాణి, మోహన, ఆనందభైరవి వంటి రాగాలలో పల్లవి ఎత్తుకుని బృందాన్ని నడిపే అధికారం ఈ ఆరాధనల ద్వారా పేటలకు దక్కింది. మిషనరీలు కోరళ్లనే పట్టుకుని ఉంటే ఈ అనుభవం కలిగేది కాదు. ఊరివాళ్లు విని తమదేనని గుర్తించే సంగీతాన్ని తమ గొంతుతో, తమ హక్కుగా పాడడం ఆ ప్రజలకు మర్యాదనిచ్చింది. పాటల ద్వారా బైబిలు కథలు కంఠస్థమయ్యాయి. పాటల పుస్తకం చదవాలన్న కోరిక అక్షరాలు నేర్పింది. సంఘపు ఉపాధ్యాయుడు పగలు పిల్లలకు పలక మీద అక్షరాలు దిద్దించి, రాత్రి దీపం దగ్గర పెద్దవాళ్లకు కీర్తనలు నేర్పేవాడు. ఇళ్లకు వెళ్లి స్త్రీలకు బైబిలు చెప్పే బైబిలు స్త్రీలు, ఆడపిల్లల బోర్డింగు పాఠశాలలు ఈ గానాన్ని ఇంటి లోపలికి చేర్చాయి. అమెరికాలోని జర్మన్ గానసమాజాలు పురుషుల గొంతులతో మొదలవగా, ఇక్కడ సభాగానంలో వారు మొదటినుంచీ ఉన్నారు.

నిర్దేశకుడి స్థానంలో ఇక్కడ కనిపించేది పాట ఎత్తుకునే మనిషి. అతడు వేరే వేదిక మీద ఉండడు, వీపు తిప్పి నిలబడడు; బృందంలోనే కూర్చుని, శ్రుతి ఇచ్చి, పల్లవిని రెండుసార్లు తిప్పి, అందరూ అందుకున్నారని తెలిశాక చరణంలోకి వెళ్తాడు. ఎవరైనా తడబడితే ఆపడు, పల్లవికి తిరిగివచ్చి సర్దుతాడు. క్రిస్మస్ ముందు రాత్రులలో ఇల్లిల్లూ తిరిగి పాడే బృందాలకు నాయకత్వం కూడా ఇటువంటిదే. యూరపులో పుట్టిన కారల్ ఆచారం ఇక్కడ డప్పు, తాళాలు, హార్మోనియంతో ధనుర్మాసపు మేలుకొలుపు పాటలకు దగ్గరి బంధువైంది.

హార్మోనియం చరిత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగినది. పారిస్‌లో దెబాఁ 1842లో పేటెంటు పొందిన ఈ వాయిద్యం చర్చి ఆర్గన్ కొనలేని సంఘాల కోసం మిషనరీలతో పాటు భారతదేశం చేరింది. కూర్చుని చేత్తో తిత్తి ఊదుతూ వాయించే చిన్న హార్మోనియంను కలకత్తా ద్వార్కిన్ సంస్థ 1875లో రూపొందించాక అది భజన మందిరాలకూ నాటకశాలలకూ పాకి, తెలుగు పద్యనాటకానికి ప్రాణవాయిద్యం అయింది. దాని స్థిరస్వరాలు గమకాన్ని పలకలేవన్న విమర్శ బలంగా ఉండి, 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించగా, 1971 తరువాతే ఆ నిషేధం సడలింది. కోరల్‌ను మోసుకొచ్చిన వాయిద్యమే కీర్తనకు తోడై నిలిచింది.

స్వరభాగాల గానం పూర్తిగా అంతరించలేదు. రాజమండ్రిలోని లూథర్‌గిరి వేదాంత కళాశాల, మిషన్ పాఠశాలలు, గుంటూరు, రాజమండ్రి పెద్ద చర్చిల క్వయర్లు నాలుగు స్వరభాగాలను అభ్యసించాయి. బ్రిటిష్ మిషన్ల ద్వారా వ్యాపించిన టానిక్ సోల్‌ఫా, అంటే గీతల స్వరలిపికి బదులు అక్షరాలతో స్వరాలను రాసే పద్ధతి, ఇందుకు ఉపయోగపడింది. అయితే అది పట్నపు పెద్ద చర్చిల అలవాటుగానే ఉండిపోయింది. లూథర్‌గిరిలో బోధించిన ముంగమూరి దేవదాసు, రాజమండ్రి సమీపంలోని జేగురుపాడులో పుట్టినవాడు, 1938లో లూథరన్ సంఘాన్ని విడిచి బైబిల్ మిషన్ స్థాపించినప్పుడు తన వెంట తీసుకుపోయినది రాగతాళాల కీర్తననే; ఆయన కీర్తనలు ఆ ఉద్యమానికి వెన్నెముక అయ్యాయి.

యుద్ధం, తరువాతి కాలం

మొదటి ప్రపంచయుద్ధం రెండు ఖండాలలోనూ జర్మన్ గానసంస్థలను దెబ్బతీసింది. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగగానే జర్మన్ భాషపై, సంగీతంపై ద్వేషం రగిలింది. సిన్సినాటి నిర్దేశకుడు ఎర్నస్ట్ కున్‌వాల్డ్ 1917 డిసెంబరులో, బోస్టన్ నిర్దేశకుడు కార్ల్ ముక్ 1918లో అరెస్టయ్యారు. చాలా సమాజాలు పేర్లు మార్చుకున్నాయి, కొన్ని మూతపడ్డాయి. తెలుగుదేశంలో నేరుగా జర్మనీ నుంచి నడిచే మిషన్లకు ఇదే గతి పట్టింది. 1865 నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి ప్రాంతాలలో పనిచేసిన హెర్మన్స్‌బుర్గ్ మిషన్‌కు, 1882లో వచ్చి జయపురం, సాలూరు ప్రాంతాలలో స్థిరపడిన బ్రెక్లుం మిషన్‌కు చెందిన జర్మన్లను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించి వెనక్కి పంపింది. హెర్మన్స్‌బుర్గ్ క్షేత్రం అమెరికాలోని ఒహాయో సినడ్ చేతికి వెళ్లింది. రాజమండ్రి, గుంటూరు మిషన్లు అప్పటికే అమెరికా పౌరుల చేతిలో ఉన్నందున ఆ ఉపద్రవం తప్పించుకున్నాయి.

అమెరికాలో విడిపోయిన లూథరన్ సమాఖ్యలు 1918లో కలిసిపోగా, దాన్ని అనుసరించి 1927లో గుంటూరు, రాజమండ్రి మిషన్ల సంఘాలు ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏకమయ్యాయి. ఆ తరువాత గానవిషయంలో నిర్ణయాధికారం తెలుగు పాస్టర్లదీ సంఘపెద్దలదీ అయింది. సినిమా బాణీల ప్రభావం, ఎలక్ట్రానిక్ కీబోర్డు, మైకుల రాకతో ఆరాధనల ధ్వని మారుతూ వచ్చింది. పాత కీర్తనల రాగాలు గుర్తున్న పెద్దవాళ్లు తగ్గిపోవడంతో, పుస్తకంలో రాగం పేరు ఒకటిగా ఉండగా సంఘంలో పాడేది మరొకటిగా మారిన సందర్భాలు పెరిగాయి. ఈ బాణీలను పెద్దల గొంతుల నుంచి ధ్వనిముద్రణ చేసి, స్వరలిపితో భద్రపరచడం సంగీత విద్యాలయాలూ వేదాంత కళాశాలలూ కలిసి చేపట్టవలసిన అత్యవసరమైన పని. సిన్సినాటి మే ఉత్సవం, న్యూయార్క్ ఒరటోరియో సొసైటీ నేటికీ నడుస్తున్నాయి, వాటి చరిత్రను లిఖిత పత్రాలు కాపాడుతున్నాయి. డెల్టా కీర్తనలకు అటువంటి పత్రాగారం లేదు, ఉన్నది పాడేవారి జ్ఞాపకమే.